పాండవులు ఎక్కని మెట్టలు

సామర్లకోట జంక్షన్లో పొద్దున్నే దిగి, పెద్దాపురం వైపు ఓ ఐదారు కిలోమీటర్లు వెళ్తే పాండవుల మెట్ట. ఎక్కడం పెద్ద కష్టమేం కాదు, ఎండ ముదరకముందు బయల్దేరితే చాలు. వనవాసంలో పాండవులు ఇక్కడే ఉన్నారంటారు. భీముడి పాదాలు చూపిస్తారు. గుహలోంచి రాజమండ్రి దాకా సొరంగం ఉందనీ చెప్తారు. (మన జిల్లాల్లో ఏ గుహనడిగినా గోదారికే పోతానంటుంది.) పైన సూర్యనారాయణస్వామి గుడి. అక్కడి రాళ్ల మీద కూర్చుని చుట్టూ చూడ్డానికే చాలామంది వెళ్తారు.

అదే పెద్దాపురం దగ్గర రామేశం మెట్ట కూడా ఉంది. దాని పేరు మనం విన్నది గ్రావెల్ తవ్వకాల వార్తల్లోనే. పాండవులు ఎక్కిన మెట్ట మిగిలింది, ఎక్కనిది లారీ ఎక్కింది. కొండ బతకాలంటే దానికో కథ ఉండాలా?

2013లో ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. డోంగ్రియా కోంధులకు ఆ కొండ నియమరాజు ఉండే చోటు. గెలిచారు, సంతోషం. కానీ అక్కడ దేవుడు లేకుండా ఉత్త వాగులూ చెట్లూ మాత్రమే ఉంటే ఏమయ్యేదో!

"వ్యూ బావుంటుంది కదా, అందుకైనా ఉంచాలి" అంటాం. ఈ వాదన మీద నాకు నమ్మకం తక్కువ. వ్యూ మనకోసం, కొండ కోసం కాదు. అసలు మనకన్నా గ్రావెల్ అడిగేవాడి అవసరమే పెద్దది. పల్లంలో సెంటున్నర ఇంటి స్థలం వచ్చినవాడు మెరక చేసుకోకపోతే వానాకాలం నీళ్లు మంచం కిందికొస్తాయి. అతనితో సూర్యోదయాల గురించి మాట్లాడే మొహం నాకైతే లేదు.

తీసుకోవడమే తప్పనీ అనలేం. సామర్లకోట భీమేశ్వరాలయంలో లింగం 14 అడుగులు, రెండో అంతస్తు దాకా ఉంటుంది. చాళుక్య భీముడు కట్టించిన ఆ గుడి రాయి కూడా ఏదో కొండ ఇచ్చిందే. దానికి మనం దణ్ణం పెట్టుకుంటాం.

తేడా లెక్కలో ఉందనుకుంటాను. ఇంటి మెరకకి ఇన్ని లారీలని ఓ కొలత ఉంటుంది, అది నిండాక ఆగుతారు. వ్యాపారానికి ఆ కొలత లేదు, మెట్ట అయిపోవడమే దాని కొలత. వరి మళ్లీ పండుతుంది, మెట్ట పండదు. అయితే కథ లేని మెట్ట తరఫున ఆ లెక్క అడిగేదెవరు? పాండవులైతే రారు. అక్కడ మేకలు మేపుకునేవాళ్లనీ, జీడితోటలకి కాపలా ఉండేవాళ్లనీ ఇంతవరకూ ఎవరైనా అడిగారా?