ఊరికే చూసిన తివాచీ

లండన్‌లో మ్యూజియం గుమ్మం దగ్గర మా చేతులు అలవాటుగా జేబుల్లోకి పోయాయి. ఒక చెయ్యి టికెట్ డబ్బుల కోసం, ఇంకో చెయ్యి పాస్‌పోర్టు కోసం. రెండూ ఎవరూ అడగలేదు. సంచులు చూసి లోపలికి పొమ్మన్నారు. పేరు అడక్కుండా ఒక గుమ్మం తెరుచుకోవడం మాకు చిన్న విషయం కాదు. అద్దె ఇల్లు వెతుక్కున్న ప్రతి సాయిబుకీ ఆ సంగతి తెలుసు.

అక్కడి జాతీయ మ్యూజియాల్లో శాశ్వత సేకరణలు 2001 డిసెంబరు నుంచి అందరికీ ఉచితం. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం డబ్బు కట్టాలి, మేం వాటి జోలికి పోలేదు. మన దగ్గర చాలాచోట్ల విదేశీయుడికి టికెట్ ఎక్కువ. అక్కడ వాళ్లకూ మాకూ ఒకటే లెక్క. విదేశీయుల దగ్గరన్నా వసూలు చెయ్యాలన్న వాదన 2024లో అక్కడా లేచింది. వాళ్ల పన్నులతో నడిచే చోట మనం ఊరికే ఎందుకు చూడాలి? మాకూ సబబే అనిపించింది. మెహమాన్ అయినా ఖాళీ చేతుల్తో పోడు కదా.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి రాళ్ల ముందుకొచ్చేదాకా అలాగే అనిపించింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి, 1859లో ఓడెక్కి వచ్చినవి. పల్నాటి సున్నపురాయి అద్దం వెనక చల్లగా ఉంది. దీన్ని చూడ్డానికి డబ్బు కట్టాల్సిన విదేశీయులం మేమా? నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. అమరావతికీ మీకూ ఏం సంబంధం, మీ చరిత్ర అరబ్బు దేశంలో కదా మొదలైంది అనేవాళ్లు మనూళ్లోనే ఉన్నారు. అక్కడ ఆ రాతి ముందు మేం తెలుగువాళ్లమై నిలబడితే కాదనడానికి ఒక్కడూ లేడు.

మర్నాడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. తెల్లవాడి మీద పడి గొంతు కొరుకుతున్న టిప్పు కొయ్యపులిని చూశాం. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఎత్తుకొచ్చింది. దాని గురించి మేం కొత్తగా చెప్పేదేమీ లేదు.

మమ్మల్ని కూలేసింది తివాచీ. ఇరాన్‌లో అర్దబీల్ దర్గాది. పదిన్నర మీటర్ల పొడవు, చదరపు అంగుళానికి దాదాపు 340 ముడులు. 1893లో 2000 పౌండ్లకు కొన్నారు. దోపిడీ సొమ్ము కాదు, బేరం సొమ్ము. దీన్ని బాగుచెయ్యడానికి దీని జోడు తివాచీని కోసి అతుకులు వేశారు. ఆ జోడులో మిగిలింది ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉంది. వెలుతురుకి రంగులు చెడతాయని గంటకు రెండుసార్లు, పదేసి నిమిషాలే దీపాలు పెంచుతారు. తక్కిన సమయమంతా మసక చీకటే. ఆ చీకట్లో బల్ల మీద కూర్చుని ఎదురుచూశాం. ఎదురుచూడటమూ బాగానే ఉంది. ఎవరూ లేవమనలేదు.

దీపాలు వెలిగాయి. మాలో ఏలూరు తంగెళ్లమూడివాడు ఒకడున్నాడు. వాళ్ల అబ్బా తివాచీ మగ్గం మీద బతికినవాడు. పారశీకం నుంచి వచ్చిన పనివాళ్లు తెచ్చిన విద్య అని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. మేమంతా పువ్వులు చూస్తుంటే వాడు ముడులు చూశాడు. ఒక చివర నేతలోనే ఉన్న పేరు చూశాడు. మక్సూద్ కాషానీ, హిజ్రీ 946. ముడులన్నీ ఒక్క మక్సూదే వేశాడని కాదు, ఒక్క పేరన్నా మిగిలింది. అబ్బా నేసినవి ఓడలెక్కి ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలీదు. వాళ్లింట్లో పరుచుకునేది ఈతచాప.

అబ్బాని తీసుకొచ్చి చూపించాలన్నాడు వాడు. గుమ్మం ఉచితమే. గుమ్మం దాకా రావడానికి వీసా రుసుము కట్టాలి, విమానం ఖర్చు పెట్టుకోవాలి, బ్యాంకులో ఇంత డబ్బుందని కాగితం చూపించాలి. మగ్గం మనిషికి ఆ కాగితం ఎక్కణ్నుంచి వస్తుంది? మాకు ఉద్యోగాలున్నాయి కనక వచ్చాం. ఆ పూట మాకు కలిగిన ఆనందం నిజం. అందులో అబ్బా వాటా మేమే చూసేస్తున్నామన్న ఇబ్బందీ నిజం. ఈ రెండింటిలో ఒకటి అబద్ధమైతే మాకు తేలిగ్గా ఉండేది.

దీపాలు తగ్గిపోయాయి. లేవబోతుంటే వాడు మా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంకో అరగంట కూర్చుందాం భాయ్. ఊరికేగా.”