గణించిన హాని: డోసిమెట్రీ శిక్షణలో ఒక ధర్మసంశయం

క్యాన్సర్ గడ్డను నశింపజేసేంత రేడియేషన్‌ను దానికి చేరవేస్తూ, చుట్టూ ఉన్న ఆరోగ్యవంతమైన అవయవాలకు అది వీలైనంత తక్కువగా తగిలేటట్లు కిరణాల దిశలను, తీవ్రతను లెక్కగట్టి చికిత్సా ప్రణాళికను రచించే విద్యకు మెడికల్ డోసిమెట్రీ అని పేరు. అమెరికాలో ఇది ప్రత్యేక వృత్తి. 2017 నుంచి అక్కడ ధ్రువీకరణ పరీక్ష రాయదలచిన కొత్తవారు డిగ్రీతోపాటు గుర్తింపు పొందిన శిక్షణను కూడా పూర్తిచేయవలసి ఉంటుంది. భారతదేశంలో ఈ బాధ్యతను ఎక్కువగా మెడికల్ ఫిజిసిస్టులే వహిస్తారు. భౌతికశాస్త్రం, శరీర నిర్మాణశాస్త్రం, రేడియేషన్ జీవశాస్త్రం నేర్పే ఈ శిక్షణకు అడుగున ఒక ధర్మసంశయం ఉంది: రోగి మేలు కోసమే అయినా, తెలిసి తెలిసి హానిని కొలిచి అవయవాలకు పంచే మనిషికి ఆ హానితో ఉన్న సంబంధం ఎటువంటిది?

గొంతు క్యాన్సర్ ప్రణాళికను చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. కిలోగ్రాము కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే ఆ మోతాదును ఒక గ్రే అంటారు. గడ్డకు సాధారణంగా 70 గ్రేలను 35 విడతలుగా ఇస్తారు. వెన్నుపాముకు 45 నుంచి 50 గ్రేలు మించకుండా చూస్తారు. చెవి దిగువన ఉండే పెరోటిడ్ లాలాజల గ్రంథికి సగటు మోతాదు సుమారు 26 గ్రేల లోపు ఉంటే నోటి తడి కొంతైనా నిలుస్తుందని ఆశిస్తారు. గడ్డ ఒక వైపు గ్రంథిని ఆనుకొని ఉన్నప్పుడు ఆ గ్రంథిని వదులుకొని, రెండవ వైపు గ్రంథిని కాపాడవలసి వస్తుంది. కిరణం దారిలోని మోతాదును పూర్తిగా తొలగించడం సాధ్యం కాదని, దానిని ఒకచోట తగ్గిస్తే మరొకచోట పెరుగుతుందని విద్యార్థి మొదటి నెలల్లోనే గ్రహిస్తాడు. ఏ అవయవంలో ఎంత భాగానికి ఎంత మోతాదు అందిందో చూపే రేఖాపటంలో ఒక గీత కొంచెం జరిగితే, అతడు బహుశా ఎన్నడూ చూడబోని ఒక మనిషి అన్నం మింగడానికి పడే కష్టం మారుతుంది.

ఈ సంశయానికి పదమూడవ శతాబ్దపు క్రైస్తవ తాత్త్వికుడు థామస్ అక్వినాస్ ఆత్మరక్షణను చర్చిస్తూ వేసిన పునాది మీద ఒక సమాధానం నిలిచింది: ఉద్దేశించిన ఫలితం వేరు, ఉద్దేశం లేకుండా వెంటవచ్చే ఫలితం వేరు. వైద్యనీతిలో దీనిని తరచుగా ఉదహరిస్తారు, కాని డోసిమెట్రీకి ఇది చాలదు. ఇక్కడ హాని కేవలం వెంటవచ్చేది కాదు; ఎక్కడ పడాలో, ఎంత పడాలో ముందుగానే అంకెలలో నిర్ణయించినది. పైగా రేడియేషన్ రక్షణ సూత్రాలలోని మోతాదు పరిమితులు ఉద్యోగులకు, ప్రజలకు వర్తిస్తాయే గాని చికిత్స పొందే రోగికి వర్తించవు. అందువల్ల భారమంతా వివేకం మీదే పడుతుంది.

భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఈ సంశయానికి మరింత దగ్గరగా వస్తుంది. కర్మకు శరీరం, కర్త, సాధనాలు, నానావిధ ప్రయత్నాలు, దైవం అనే ఐదు కారణాలున్నాయని అది చెబుతుంది. మోతాదును నిర్దేశించే వైద్యుడు, సరిచూసే ఫిజిసిస్టు, యంత్రం, రోగి దేహస్వభావం అన్నీ కలిసే ఫలితం కలుగుతుంది గనుక, తానొక్కడే కర్తనని భావించడం అజ్ఞానమే. అయితే దీనిని బాధ్యత నుంచి విడుదలగా చదవడం పొరపాటు. అదే అధ్యాయం, దోషం లేని కర్మ లేదని ఒప్పుకుంటూనే, దోషమున్నదని స్వకర్మను విడువరాదని చెబుతుంది. దోషాన్ని దాచకుండా, దానికి లొంగకుండా పనిచేయడమే ఈ వృత్తికి తగిన ధర్మం. దోషాన్ని దాచకుండా ఉండాలంటే ముందు దానిని చూడాలి; కాబట్టి శిక్షణ సంస్థలు విద్యార్థికి ప్రణాళికా రచన నేర్పడంతో ఆగక, తాను ప్రణాళిక వేసిన రోగిని చికిత్స ముగిసిన తరువాత ఒక్కసారైనా కలిసి మాట్లాడే ఏర్పాటును పాఠ్యక్రమంలో చేర్చాలి.