ఊరట

మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో సర్చు అని ఒక చోటుంది. దాదాపు 4,290 మీటర్ల ఎత్తు. హిమాచల్ ముగిసి లద్దాఖ్ మొదలయ్యేది అక్కడే. అది ఊరు కాదు. త్సరప్ నది పక్కన చెట్టన్నది లేని మైదానంలో వేసవిలో గుడారాలు వేస్తారు, చలి ముదరగానే పీకేస్తారు. అలాంటి ఒక గుడారంలో, అర్ధరాత్రి దాటాక, నా స్నేహితుడు వాంతి చేసుకుంటుంటే నాకు ఊరట కలిగింది. వాడి వీపు నిమురుతూనే ఉన్నాను. కంగారూ నిజమే. కానీ దానికంటే ముందు కలిగింది ఊరట.

మేం నలుగురం ఇంటర్ నుంచీ ఒక జట్టు. ఉండేది హైదరాబాద్‌లో, 540 మీటర్ల ఎత్తున. మన తూర్పు కనుమల్లో ఎత్తయిన అర్మకొండే దాదాపు 1,680 మీటర్లు. సర్చు దానికి రెండున్నర రెట్లు. మనాలిలో పొద్దున్నే టీ తాగి బయల్దేరితే చీకటిపడేలోగా అక్కడికి చేరిపోవచ్చు. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగే శ్రమ తప్పింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం దాటితే అవతల లాహౌల్ లోయ. ప్రయాణం చిన్నదైంది గానీ, ఎత్తుకు అలవాటు పడటానికి ఒంటికి కావలసిన సమయం తగ్గలేదు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదంటారు వైద్యులు. మేం ఒక్క పగటిలో 2,200 మీటర్లు ఎక్కాం.

ఇది నేను చదివే వెళ్లాను. దారిలో భాగా నది ఒడ్డున జిస్పా వస్తే, ‘ఇక్కడ ఆగుదామా’ అన్నాను. ‘ఏరా, అప్పుడే అలసిపోయావా?’ అన్నాడు బండి నడిపేవాడు. అందులో వెటకారమేమీ లేదు, మామూలుగానే అడిగాడు. లేదన్నాను. ఇంకో మాట అనలేదు.

ఎత్తు మీద గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, అక్కడా ఇరవయ్యొక్క శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సర్చులో అది సముద్రతీరంలో ఉండేదానిలో అరవై శాతం మాత్రమే. నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఒక్కసారిగా ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతుంది. అంత ఎత్తున అది చాలామందికి జరిగేదే అని తెలిసీ, పక్కనున్న ముగ్గురి ఊపిరి ఆగినప్పుడల్లా లెక్కపెడుతూ పడుకున్నాను. తల పగిలిపోతోంది. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ నా సంచిలో ఉంది. దుప్పటి కింద వేలికి పెట్టుకుని చూసుకున్నాను. వచ్చిన అంకె ఎవరికీ చూపించలేదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ చోటు తీరు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు ముదిరితే అసలు మందు కిందికి దిగడమే. సర్చు నుంచి దిగాలంటే ముందు ఎక్కాలి. వెనక్కి పోతే 4,890 మీటర్ల బారాలాచా కనుమ. ముందుకు పోతే గాటా మలుపులు ఇరవయ్యొకటి, ఆ పైన 5,059 మీటర్ల లాచుంగ్ కనుమ, లేహ్ చేరేలోగా 5,328 మీటర్ల తంగ్లంగ్ కనుమ. గిన్నె అడుగున పడ్డ చీమలా ఉంది మా పరిస్థితి. ఆ సంగతి నలుగురిలో నాకొక్కడికే తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు.

వాడికి వాంతులు మొదలయ్యాక మాత్రం గొంతు ఎంత స్థిరంగా వచ్చిందో! ‘తెల్లారగానే వెనక్కి పోదాం. ఇందులో చర్చ లేదు’ అన్నాను. తూలకుండా తిన్నగా నడవగలుగుతున్నాడా, దగ్గు ఉందా అని చూశాను. వెలుగు రాగానే బండి ఎక్కించాను. బారాలాచా దాటి, సూరజ్‌తాల్ సరస్సు పక్క నుంచి దిగుతుంటే వాడి ముఖంలో రంగు తిరిగొచ్చింది. జిస్పాలో మధ్యాహ్నానికి పప్పన్నం అడిగి తిన్నాడు. ‘నువ్వు లేకపోతే ఏమయ్యేవాడో’ అంది వాళ్లావిడ ఫోన్‌లో. ‘మాకు ధైర్యం నువ్వేరా’ అన్నారు మిగతా ఇద్దరూ. ఆ మాటలన్నీ తీసుకున్నాను.

తీసుకున్న నిర్ణయం సరైనదే. ఇప్పుడైనా అదే చేస్తాను. నన్ను వదలనిది వేరే ప్రశ్న: ఆ నిర్ణయం వాడి కోసం తీసుకున్నానా, నాకోసమా? వెనక్కి పోవాలని సాయంత్రం నుంచీ నా ఒళ్లంతా అరుస్తోంది. నా పేరు మీద అడగలేకపోయాను. వాడి జబ్బు పేరు మీద అడగగలిగాను. వాడికి బాగాలేకపోవడం నా భయానికి మర్యాదైన కారణమైంది. జిస్పాలో మిగతా ఇద్దరూ సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. సర్చులో వాళ్లూ నాలాగే కళ్లు మూసుకుని మేలుకునే ఉన్నారని అప్పుడు అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్ల స్నేహంలో అప్పుల గురించి, విడాకుల గురించి, నాన్నల చావుల గురించి మాట్లాడుకున్నాం. ‘భయమేస్తోందిరా’ అన్న మాట మాత్రం మా మధ్య ఎప్పుడూ రాలేదు. కొండల మీద ఆ మాట దాచుకోవడం మర్యాద కాదు, ప్రమాదం. తలనొప్పి దాచినవాడు తనతోపాటు పక్కవాళ్లకూ తెలియాల్సింది తెలియకుండా చేస్తాడు.

మళ్లీ వెళ్దామంటున్నారు. ఈసారి శ్రీనగర్ వైపు నుంచి. జోజి కనుమ 3,528 మీటర్లే, దాటాక కార్గిల్‌లో 2,676 మీటర్ల దగ్గర పడుకోవచ్చు. ఒంటికి కాస్త వ్యవధి దొరుకుతుంది. తేదీలు తేలేలోగా నలుగురి గ్రూపులో ఇదంతా రాశాను, ఊరట సంగతితో సహా. ప్రతి రాత్రీ ఎవరికెలా ఉందో పైకి చెప్పాలని, మొదట నేనే చెబుతానని కూడా రాశాను.

సర్చులో జబ్బుపడ్డవాడు కాసేపటికి ఒకటే అడిగాడు: ‘నాకు వాంతులు కాకపోతే నువ్వు వెనక్కి పోదామనేవాడివా?’

అనేవాణ్ణి కాదు, అని రాశాను.