తల్లిపిట్టను విడిచిపెట్టండి



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 6, 7 వచనాలలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో పిట్టగూడు కనబడితే పిల్లలను తీసికొనవచ్చు, తల్లిని మాత్రం విడిచిపెట్టాలి. అలా చేసినవారికి మేలు, దీర్ఘాయువు కలుగుతాయని వాగ్దానం. ఆకలిగొన్నవానిని దేవుడు నిందించలేదు. రేపటి గూటిని ఈనాడే ఖాళీ చేయవద్దన్నాడు.

కరవు వచ్చినప్పుడు ఈ మాట మన పల్నాడుకు ఎంతో అవసరం. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు వదలినప్పటినుండి మన మెట్టభూముల బ్రతుకు మారింది. ఆ జలాశయం నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. వానలు తప్పిన 2023లో, నవంబరు ఆఖరున, మాచర్ల చెంత ఆ ఆనకట్టపైనే రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచారు.

ఊళ్లలోనూ ఇదే పోరు. కౌలు కట్టి, అప్పు తెచ్చి మిర్చి నాటిన రైతు, కాపు మీదున్న చేను వాడిపోతుంటే చెరువులో మోటారు పెట్టకుండా ఉండగలడా? ఆ వేదనను తేలికచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే చెరువు అడుగంటితే చేపలు, కొంగలు, గొడ్లు మాత్రమే నష్టపోవు. చుట్టూ ఉన్న బావులలో ఊట తగ్గుతుంది. చివరకు ఆ రైతు బోరే ఎండుతుంది.

కొల్లేటిని చూడండి. ఏరులు తెచ్చే మంచినీరు తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. అప్పుడు పక్షితోపాటు పొలమూ చెడుతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనైతే, ఊరచెరువులో గూళ్లు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను గ్రామస్తులే కాపాడుకుంటున్నారు. వారూ మనవంటి పల్లెవాసులే.

2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ లేఖలో ఫ్రాన్సిస్ పాపుగారు సురక్షితమైన త్రాగునీరు ప్రతి మనిషి మూలహక్కు అన్నారు. ప్రతి ప్రాణికీ దేవుని ఎదుట తనదైన విలువ ఉందనీ బోధించారు. ఈ రెండింటినీ కలిపి పాటించడమే మన బాధ్యత.

కనుక ప్రియులారా, విత్తకముందే కాలువ నీటి సంగతి తెలిసికొని, నీరు చాలని ఏడు వరి మాని ఆరుతడి పంటలు వేయండి. వారబందీలో మీ వంతు ముగియగానే తూము మూయండి. రాత్రివేళ కాలువకు గండికొట్టడం చివరి భూముల రైతు నోటి కూడు తీయడమే. “దొంగిలవద్దు” అన్న ఏడవ ఆజ్ఞ నీటికీ వర్తిస్తుంది. వేసవికి ముందే ఊరంతా కూర్చుని, చెరువులో ఒక హద్దురాయి నాటుకోండి. నీరు ఆ రాయికి దిగితే ఎవరి మోటారైనా ఆగాలి.

ఒక్క మాట మరువవద్దు. ఆ హద్దును గౌరవించి పంట పోగొట్టుకున్న రైతును ఒంటరిగా వదలరాదు. అతని కౌలు తగ్గించమని భూస్వామిని అడగడం, అతని ఇంటికి గింజలు చేర్చడం, నష్టపరిహారం కోసం అతనితో కార్యాలయానికి నడవడం విచారణ సంఘం పని. ఆ భారం పంచుకోకపోతే మన బోధ వట్టి మాటే అవుతుంది.

ఆకాశపక్షులను పోషించే పరలోక తండ్రి మన పొలాలకు వానను, మన చేతులకు నిగ్రహాన్ని, మన హృదయాలకు పొరుగువానిపై ప్రేమను అనుగ్రహించునుగాక. ఆమెన్.