వకీలమ్మా అని పిలిస్తే

వేంసూరు వెళ్లినప్పుడల్లా మా వీధి చివరింటి ముసలావిడ నన్ను ఇంకా "వకీలమ్మా" అనే పిలుస్తుంది. నేను నల్లకోటు వదిలేసి ఐదేళ్లయింది. ఇప్పుడు హైదరాబాదులో ఓ కంపెనీలో కూర్చుని, ఎవరెవరో రాసుకున్న కాంట్రాక్టుల్లో తప్పులు వెతుకుతుంటాను. ఆ సంగతి ఆవిడకు రెండుసార్లు చెప్పి చూశాను. "అదీ కాయితాల పనేగా" అంది.

2025 జూన్‌లో, మామిడి కోతలు ముగుస్తున్న రోజుల్లో ఊరెళ్లాను. మా చిన్నాన్న కూతురు అప్పుడే లాసెట్ రాసొచ్చింది. సీటు వస్తుందని దాని నమ్మకం. చేరాలా వద్దా అన్నది మాత్రం ఇంట్లో తేలలేదు. చిన్నాన్న గ్రూప్స్‌కి చదవమంటాడు. పిన్ని బీఈడీ అంటుంది. అది నా దగ్గరికొచ్చి, "నువ్వెందుకు వదిలేశావో చెప్పక్కా, చాలు" అంది. ఏవో రెండు మాటలు చెప్పి తప్పించుకున్నాను. సరిగా చెప్పాలంటే ఇంత రాయాల్సి వచ్చింది.

ఈ తరానికి న్యాయవాద వృత్తి మీద ఆసక్తి లేదని పెద్ద వకీళ్లు సభల్లో వాపోతుంటారు. సెల్‌ఫోను, ఓపిక లేకపోవడం, తొందరగా డబ్బు కావాలనుకోవడం... కారణాలు కూడా వాళ్లే చెప్పేస్తారు. నాకు తెలిసినంతలో ఆసక్తికి లోటు లేదు. నాతో చదివినవాళ్లు బాగానే చదివారు, మూట్ కోర్టుల్లో గొంతు పోయేలా వాదించారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు బ్యాంకుల్లో, కంపెనీల్లో, కోచింగ్ సెంటర్లలో ఉన్నారు. పెద్ద లా యూనివర్సిటీల్లో చదివినవాళ్లయితే చిన్న పట్నం కోర్టు వైపు తిరిగి చూడాల్సిన అవసరమే పడదు. డిగ్రీ కావాలనుకునేవాళ్లు తగ్గలేదు. మున్సిఫ్ కోర్టు బయట బెంచీ మీద మూడేళ్లు కూర్చోగలిగేవాళ్లు తగ్గారు. ఈ రెండూ ఒకటి కాదు.

నేను కూర్చున్నది ఏడాదిన్నర. ఒక చిన్న పట్నం కోర్టులో, ఒక సీనియర్ దగ్గర. పొద్దున పదిన్నరకి కాల్‌వర్క్‌లో నిలబడటం, మా నంబరు పిలిస్తే "సార్ పక్క కోర్టులో ఉన్నారండీ, పాసోవర్ ఇప్పించండి" అనడం, సాయంత్రం దాకా ఆగి వాయిదా రాసుకోవడం. నకళ్ల కోసం తిరగడం. రాత్రి ఆఫీసులో డ్రాఫ్టులు. నెల జీతం అన్న మాటే ఆ గదిలో ఉండేది కాదు. దసరాకి రెండు వేలిచ్చారు, చీర కొనుక్కోమ్మా అని. మంచాయనే. ఒక దావా ఎలా మొదలుపెట్టాలో, ఏ వాక్యం రాయకూడదో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. జీతం సంగతి ఎత్తితే, "మేమూ ఇలాగే పైకొచ్చాం" అనేవారు. అబద్ధం కాదది. ఆయన పైకొచ్చింది నిజమే, వాళ్ల నాన్న ఇంట్లో ఉంటూ, వాళ్ల నాన్న లైబ్రరీలో చదువుకుంటూ. నాకేమో గది అద్దె ఉండేది, ఊళ్లో నాన్న అప్పు ఉండేది. 2020 మార్చిలో కరోనాకి కోర్టులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి నేను హైదరాబాదులో ఉన్నాను.

హౌస్ సర్జన్‌కి స్టైపెండ్ ఉంది. సీఏ ఆర్టికల్స్ చేసే కుర్రాడికీ కనీసం ఇంతని నియమం ఉంది. కోర్టు జూనియర్‌కి ఏముంది? 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది, పట్టణాల్లో నెలకి 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వడం మంచిదని. అది సూచన మాత్రమే, ఆదేశం కాదు. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 దాటకూడదంది. చట్టంలో ఉన్నది అంతే. అప్పటిదాకా రాష్ట్రాన్ని బట్టి వేలల్లో కట్టించుకున్నారు. ఒక తలుపు అలా తెరుచుకుందని సంతోషించేలోపే 2025 మే 20 తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. 2002లో తీసేసిన నిబంధనను మళ్లీ తెచ్చారు. జడ్జికి కోర్టు అనుభవం ఉండాలన్నది న్యాయమైన మాటే, నేను కాదనను. ఆ మూడేళ్లు అన్నం ఎవరు పెడతారన్నదే నా ప్రశ్న.

దానికి జవాబుగా వచ్చే మాట ఒకటుంది: సేవ. ఇది వ్యాపారం కాదమ్మా, సేవ. ప్రకాశం పంతులుగారి పేరు కూడా వస్తుంది, బారిస్టరు ప్రాక్టీసు వదిలేసి ఉద్యమంలోకి దూకారని. నిజమే, గొప్ప త్యాగమే. కానీ ఒంగోలులో తల్లి పూటకూళ్లిల్లు నడిపి పెంచిన ఆ పిల్లవాడికి వకీలు వృత్తి ముందు చేతినిండా సంపాదన ఇచ్చింది. ఆ తర్వాతే ఆయన దాన్ని వదిలారు. ఏమీ లేనివాడు దేన్ని త్యాగం చేస్తాడు? ఆకలిని తట్టుకోగలిగినవాడికే సేవ చేసే అర్హత ఉందంటే, ఆ సేవ కొన్ని ఇళ్లలోనే తరతరాలుగా ఉండిపోతుంది. మా ఊరి పిల్ల వదిలేస్తే దానికి ఆసక్తి లేకపోవడం అని పేరు పెట్టి ఊరుకోవచ్చు. నాకు చిరాకు తెప్పించేది ఆ పేరు.

ఇంతవరకు నన్ను నేను బాగానే వాదించుకున్నాను. ఇక అవతలి పక్షం.

ఆ ముసలావిడ మొగుడు ఎప్పుడో ఎకరన్నర పొలం తెల్లకాయితం మీద కొన్నాడు. సాదాబైనామా. రిజిస్ట్రేషన్ లేదు. అమ్మినాయన పోయాడు, కొన్నాయనా పోయాడు, పాస్‌బుక్కు మాత్రం అమ్మినాయన కొడుకుల పేరు మీదే ఉంది. 2020లో ధరణితో పాటు వచ్చిన కొత్త చట్టం రెవెన్యూ కోర్టుల్ని ఎత్తేసింది. తగాదా ఉంటే సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. సాదాబైనామాలకి ఆ ఏడాది అక్టోబరు, నవంబరుల్లో తీసుకున్న లక్షల అర్జీలు హైకోర్టు కేసులో పడి ఆగిపోయాయి. అంటే మండలాల్లో వకీలు అవసరం ఎక్కువైంది సరిగ్గా అప్పుడే. నేను బస్సెక్కిందీ అప్పుడే.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడమనిషి కాబట్టి ఆవిడకు ఉచితంగా వకీలు దొరకాలి. ఆదాయంతో పని లేదు. చట్టం ఇచ్చేది హక్కు. ఆ హక్కు పట్టుకుని కోర్టులో లేచి నిలబడటానికి ఒక మనిషి కావాలి కదా. దమ్మపేట, అశ్వారావుపేట వైపు ఏజెన్సీలోకి వెళ్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన ఆదివాసీకి ఎంత బలమైనదంటే, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది గిరిజనేతరుడే. అంత చట్టం ఉన్నా వాయిదాకి వెళ్లేవాళ్లు లేకపోతే అది పుస్తకంలోనే ఉంటుంది. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ ఆ తర్వాత లా చదివి హైకోర్టులో ఆదివాసుల భూమి కేసులు వాదించారు. రావిశాస్త్రి విశాఖ కోర్టులో వకీలు కాకపోయుంటే 'ఆరు సారా కథలు' మనకు అలా వచ్చేవా? (వాళ్లిద్దరి పేర్లు చెప్పి ఎవరినీ లా కాలేజీకి పంపకూడదని కూడా నా అభిప్రాయం. అందరం బాలగోపాల్‌లం కాము, కానక్కర్లేదు. నెలకి అద్దె కట్టుకోగలిగే మామూలు వకీళ్లు కావాలి, మండలానికి పదిమంది.)

నేను వదిలేసింది తప్పా? నాన్న అప్పు తీరింది, దాన్ని తప్పనలేను. ఆవిడ పొలం అలాగే ఉంది, సరైన పనే చేశానని కూడా అనలేను. నన్ను నిలబెట్టలేకపోయిన వ్యవస్థది తప్పు అనడం తేలిక. ఆ మాట ఆవిడకు చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు.

భూభారతి చట్టం వచ్చిందని, ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెడుతున్నారని ఆ జూన్‌లో అంతా చెప్పుకుంటున్నారు. ఆవిడ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మడతల దగ్గర చిరిగిన తెల్లకాయితం, నీటి తీరువా రసీదులు, 2020లో మీసేవలో పెట్టిన అర్జీ రసీదు. ఆ రసీదు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అరుగు మీద కూర్చుని తహసీల్దారుకి అర్జీ రాశాను. చెల్లి పక్కన కూర్చుని తేదీలన్నీ వరుసగా చదివి చెప్పింది. ఒకచోట నేను సర్వే నంబరు తప్పు రాస్తే అదే పట్టుకుంది.

అంతా అయ్యాక ఆవిడ కొంగు ముడి విప్పి రెండు వందల నోటు తీసింది. వద్దన్నాను. మళ్లీ పెట్టింది, మళ్లీ వద్దన్నాను.

"తీసుకో అక్కా" అంది చెల్లి. "నువ్వు తీసుకోకపోతే నాకేం చెప్తున్నట్టు?"

తీసుకున్నాను. ముసలావిడ కవరు చంకలో పెట్టుకుని లేస్తూ, "మళ్లీ వాయిదా ఎప్పుడు వకీలమ్మా?" అని అడిగింది.