ఎవరి నోట మన ఊరు

మన పల్నాటి మాచర్లలోనో గురజాలలోనో పుట్టిన పిల్లవాణ్ణి పిలిచి మీ సీమ ఎట్లాంటిదో చెప్పమనండి. రాళ్ళు, తేళ్ళు, పాములు, జొన్నకూడు అంటూ, శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువును గడగడా అప్పగిస్తాడు. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు, వాళ్ళ తాత నేర్పిందే. రెడ్డిరాజుల కొలువులో సన్నన్నానికి అలవాటుపడ్డ కవి ఈ దారిన పోతూ పడిన విసుగు అది. ఆ బాటసారి వెళ్ళిపోయి ఆరువందల ఏళ్ళు కావస్తోంది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలారు. జొన్న పండిన చేలల్లో ఇవాళ వరి, మిరప పండుతున్నాయి. ఆ రాళ్ళనే సున్నంగా కాల్చి పిడుగురాళ్ళలో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. నేల మారింది గానీ, మన గురించి మనం చెప్పుకునే మాట మారలేదు.

పొగడ్త విషయంలోనూ మనం ఇంతే. పల్నాటి పౌరుషం అని ఎవరో అంటే మీసం మీద చెయ్యి వేస్తాం. సినిమావాడు వేటకొడవలి చూపించి మీరంటే ఇదే అంటే ఈల వేస్తాం. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. అది నింద అయినా సరే, పొగడ్త అయినా సరే. పల్నాటి వీరుల కథను కడదాకా విన్నవాడు పౌరుషం ఒక్కటే పట్టుకుని లేవడు. అందులో అన్ని కులాలనూ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు ఉంది. మాలవాడై పుట్టి సేనను నడిపిన కన్నమదాసు ఉన్నాడు. నాగులేటి ఒడ్డున యుద్ధంలో రెండు పక్షాల పడుచువాళ్ళూ కూలిపోయాక గెలుపు సంబరం ఉండదు, ఒక పక్షం నాయకుడు బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోతాడు. ఈ కథను మనం వినడం మానేసి, దాని పేరు మాత్రం వాడుకుంటున్నాం.

ఇక వినుకొండ వైపు చూడండి. 1895 సెప్టెంబరు 28న అక్కడ గుర్రం జాషువా పుట్టాడు. ఆ బిడ్డ నోరు విప్పకముందే అతడెవరో లోకం తీర్పు చెప్పేసింది. పద్యం విని మెచ్చుకున్నవాళ్ళే, కులమేదని అడిగి, చెప్పగానే లేచిపోయారు. ఆ గాయాన్ని ఆయనే పద్యంలో పెట్టాడు. వాళ్ళ తీర్పు నమ్మి నోరు మూసుకోవడం తేలిక. ఈ ఛందస్సు మీది, నాకక్కర్లేదని అలిగి పక్కకు తప్పుకోవడమూ తేలికే. ఆయన ఆ పద్యాన్నే పట్టుదలగా సాధించి, అది తన సొత్తని లోకం చేత ఒప్పించాడు. పొట్టకూటికి మూగచిత్రాల దగ్గర తెర పక్కన నిలబడి కథ, మాటలు చదివాడు. బడిపిల్లలకు పాఠం చెప్పాడు.

1941 నాటి ‘గబ్బిలం’ ఒక్కటి తీసుకుని నెమ్మదిగా చదవండి. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురంపాడు. జాషువా నాయకుడు ఒక అంటరాని పేద. రాత్రివేళ గుడిసెలోకి గబ్బిలం వస్తుంది. ఇంట్లోకి వస్తే కీడని జనం తరిమే ప్రాణి అది. అతడు తరమడు, కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి రమ్మని వేడుకుంటాడు. ఎందుకు గబ్బిలమే? అతడికి గుడిలోకి ప్రవేశం లేదు. గబ్బిలం గుడి పైకప్పునే పట్టుకుని వేలాడుతుంది, దేవుడి చెవికి అంత దగ్గర. పూజారి లేని వేళ చూసి చెప్పమంటాడు. పైగా వెళ్ళే దారిలో తెలుగు నేలను దానికి చూపిస్తాడు. ఈ నేల నీది కాదని ఎవరినైతే అన్నారో, ఆ మనిషే ‘ఇదిగో మా దేశం’ అన్నట్టు వేలెత్తి చూపడం చిన్న సంగతి కాదు. ఇంతటి ఆత్మగౌరవం నినాదంలో దొరకదు. లోకం ఏవగించుకున్న ప్రాణిని తన కళ్ళతో కొత్తగా చూడగలిగినవాడు, తననూ అలాగే చూసుకోగలిగాడు. గిజిగాడి మీద, సాలెపురుగు మీద ఆయన పద్యాలు రాసిందీ ఆ చూపుతోనే.

అలాంటి తీర్పు మీకూ ఎదురవుతుంది. మీలో కొందరు చదువుకోసం హైదరాబాదు హాస్టళ్ళకు వెళతారు. మీ యాస విని ఎవరో నవ్వుతారు. ఆ రోజునుంచి మాట తగ్గించుకుని, అమ్మతో ఫోనులో సైతం గొంతు మార్చి మాట్లాడే బిడ్డలున్నారు. నాకు అది విన్నప్పుడు దుఃఖం వస్తుంది. ఇంగ్లీషు నేర్చుకోండి, శ్రద్ధగా నేర్చుకోండి. కానీ మిరపకల్లంలో మీ అమ్మమ్మ కూలీలతో మాట్లాడే తెలుగును నామోషీ అనుకోకండి. మీరు రాయబోయే మొదటి మంచి వాక్యం ఆ కల్లంలోనే ఉండవచ్చు. రాయాలంటే పెద్ద విషయం కావాలని కూర్చోకండి. సంత, సున్నపు బట్టీ, నాపరాయి పరిచిన మీ ఇంటి వాకిలి, వీటిని ముందు సరిగ్గా చూడండి. చూసింది చూసినట్టు చెప్పడానికి భాష చాలకపోతే పాత కావ్యాలు చదివి భాష పెంచుకోండి. జాషువా చేసిన కష్టంలో పాతికవంతైనా చేయకుండా, మాకెవరూ గుర్తింపు ఇవ్వలేదనడం న్యాయం కాదు.

మనం వినడం మానేసిన ఆ కథ దగ్గరికే మళ్ళీ వస్తే, కార్తిక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలై అయిదు రోజులు జరుగుతాయి. వీరవిద్యావంతులు కథ పాడతారు. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ ఇక్కడికి వచ్చి, వాళ్ళ నోటి కథను విని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో గ్రంథంగా వెలువరించాడు. మనం తిరునాళ్ళ చూసుకుని, ఫొటోలు దిగి, కథ మొదలయ్యేసరికి బస్సెక్కుతున్నాం. ఈసారి వెళ్ళినప్పుడు ఉండిపోండి. ఫోను జేబులో పెట్టి రాత్రంతా వినండి. తెలియని మాటలు తగులుతాయి, గుర్తుపెట్టుకోండి. తెల్లవారాక ఆ గాయకుడి దగ్గరకు వెళ్ళి, కులం అడగకుండా, ‘అయ్యా’ అని పిలిచి, ఆ మాటలకు అర్థం చెప్పించుకుని రాసుకోండి.