రహమ్ కాదు, హక్

ముస్లిం అనగానే ఇల్లు అద్దెకివ్వనివాడి మీద మనకు కోపం. పేరు వినగానే ఉద్యోగం లేదు పొమ్మన్నవాడి మీద కోపం. మనిషిని చూడకుండా ముద్రను చూస్తున్నారని ఎన్నో ఏళ్లుగా రాస్తున్నాం, అరుస్తున్నాం. న్యాయమైన కోపమే. అయితే మన గల్లీలో మనమే ఎవరి నుదుట అలాంటి ముద్ర కొడుతున్నామో చూసుకోవద్దా? మిర్గీ ఉన్న పిల్లకు సంబంధాలు రావు. మతి చెడి కోలుకున్నవాడిని షెడ్డులో మళ్లీ పనికి పెట్టుకోరు. వాడి పేరు పోతుంది, 'పాగల్' మిగులుతుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో పెదవాల్తేరు పిచ్చాసుపత్రుల వల్ల ఊరి పేర్లు కాస్తా ఎగతాళి మాటలయ్యాయి.

2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా చుట్టుపక్కల వెలిసిన ప్రైవేటు హోముల్లో ఒకదానికి నిప్పంటుకుంది. అది పాక. లోపల మానసిక రోగుల్ని గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోయే వీల్లేక 28 మంది చనిపోయారు.

దీన్ని ముస్లింల మూఢత్వంగా తేల్చేసి చేతులు దులుపుకోవడం తేలిక. ఏర్వాడికి అన్ని మతాలవాళ్లూ వెళతారు. సర్కారు దవాఖానా అందనివాళ్లకు దర్గా తలుపే తెరిచి ఉంటుంది. తలుపు తెరిచి ఉన్నందుకు దర్గాను తప్పు పట్టలేం. గొలుసును మాత్రం ఎవరూ సమర్థించలేరు.

మతం పేరుతో అసలే కుదరదు. హదీసుల్లో మూర్ఛరోగంతో బాధపడే ఒక నల్లని స్త్రీ కనిపిస్తుంది. దువా చెయ్యమని ప్రవక్త దగ్గరికి వచ్చింది. ఓర్చుకుంటే స్వర్గం దొరుకుతుందని, కావాలంటే నయం కావాలని దువా చేస్తానని ఆయనన్నారు. ఎంచుకోవడం ఆమెకే వదిలారు. ఆమె ఓర్పునే ఎంచుకుంది. ఒక్కటి మాత్రం అడిగింది. మూర్ఛ వచ్చినప్పుడు ఒంటిమీది బట్ట తొలగకుండా దువా చెయ్యమంది. దీన్ని ఓర్పు పాఠంగా చెప్పుకుంటాం. అందులో ఇంకో పాఠం కూడా ఉంది. రోగి ఇష్టాన్ని రోగినే అడిగారు. ఆ రోగికి జబ్బు కంటే ఇజ్జత్ ముఖ్యమైంది.

మనవాళ్లకు దయ లేదని కాదు. జుమ్మా రోజు మసీదు మెట్ల దగ్గర పదో పరకో వేస్తాం. రంజాన్‌లో ఫిత్రా ఇస్తాం. కానీ దయ ఎప్పుడూ ఇచ్చేవాడి చేతిలోనే ఉంటుంది. బుద్ధి పుడితే ఇస్తాడు, విసుగొస్తే మానేస్తాడు. పుచ్చుకునేవాడు తల వంచాలి. ఖురాన్ మాత్రం సంపదలో లేనివాళ్లకున్న వాటాను హక్ అంది. తెలుగులో మనం రోజూ వాడే 'హక్కు' ఆ అరబ్బీ మాటే.

చట్టం ఆలస్యంగానైనా ఈ దారికే వచ్చింది. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల్లో ఒకటిగా ఉన్న మూర్ఛను 1999లో తీసేశారు. గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. సర్కారు కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చి, అందులో 1 శాతాన్ని ఆటిజం, బుద్ధిమాంద్యం వంటివాటితో పాటు మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు ఉమ్మడిగా పెట్టింది. మూర్ఛకు ఆ జాబితాలో విడిగా చోటు లేదు. అయినా మనలో సర్కారు కొలువులున్నవాళ్లెందరు? మన బతుకులు పంక్చర్ షాపుల్లో, టైలర్ కొట్లలో, పాన్ డబ్బాల్లో ఉన్నాయి. అక్కడికి ఏ రిజర్వేషనూ రాదు. అక్కడ హక్కు నిలబెట్టాల్సింది మనమే.

అదేమంత కష్టమూ కాదు. సరైన వైద్యం అందితే మూర్ఛరోగుల్లో 70 శాతం దాకా మూర్ఛలు రాకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూర్ఛలు ఇంకా వస్తున్నవాడిని వెల్డింగుకు, డ్రైవింగుకు, ఎత్తుమీది పనికి పంపొద్దు. బైండింగు, అత్తరు కొట్టు, లెక్కలు రాయడం ఉన్నాయి కదా. మందుల కోసం వెళ్లిన పూట కూలి కోయకపోతే చాలు. పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ కుక్కకూడదు. తాళాలగుత్తి చేతిలో పెడితే మూర్ఛ తగ్గదు. తేరుకున్నాక మళ్లీ తన చోట తనను కూర్చోనివ్వాలి.

'నాకేం అభ్యంతరం లేదు భాయ్, గిరాకీలు భయపడతారు' అంటాడు కొట్టు యజమాని. ఈ మాట మనకు కొత్త కాదు. ఇల్లు అద్దెకివ్వనివాడు కూడా ఇంతే మర్యాదగా చెబుతాడు. తనకేం అభ్యంతరం లేదట, పక్కింటివాళ్లు ఒప్పుకోరట. ఆ జవాబు మనకు అన్యాయమైతే, మనమిచ్చే జవాబూ అన్యాయమే.